సబ్బు కాగితం మీది గులాబీ

ఉక్రెయిన్ గురించి ఇంటర్నెట్‌లో వెతికితే తప్పకుండా కనబడే బొమ్మ ఒకటుంది. తెల్లటి నార చొక్కా, దాని చేతుల మీద ఎరుపు, నలుపు దారాలతో కుట్టిన గులాబీలు. కింద "వేల ఏళ్ల నాటి స్లావిక్ సంప్రదాయం" అనో, "పూర్వీకుల రహస్య లిపి" అనో రాసి ఉంటుంది. చొక్కా మీద కుట్టుపని చేసుకునే అలవాటు పాతదే, అందులో సందేహం లేదు. ఆ గులాబీ మాత్రం అంత పాతది కాదు. అది పందొమ్మిదో శతాబ్దం చివరి రోజుల్లో పల్లెల్లోకి దిగింది. దిగింది కూడా ఏ పాత గుడి గోడ మీంచో కాదు, మాస్కోలో ఒక ఫ్రెంచి వ్యాపారి పెట్టిన సబ్బుల ఫ్యాక్టరీ నుంచి.

ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. తర్వాత ఒక ప్రశ్న పట్టుకుంది. సబ్బు కాగితం మీంచి దిగిన పువ్వు సంప్రదాయం అవుతుందా? కాదంటే మరి మూడు నాలుగు తరాల ఆడవాళ్లు చలికాలపు రాత్రుళ్లు దీపం ముందు కూర్చుని, కళ్లు పోగొట్టుకుని, ఆ పువ్వునే కూతురి పెళ్లికీ, అత్తగారి శవపేటికకీ ఎందుకు కుట్టినట్టు? ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

మనకి ఈ కుట్టుపని బొత్తిగా తెలియనిదేం కాదు. విశాలాంధ్ర షాపుల్లో చవగ్గా దొరికిన సోవియట్ పుస్తకాలతో పెరిగిన ఇళ్లలో, రష్యన్ జానపద కథల పేజీల అంచుల్లో ఎర్రటి పక్షులూ, గుర్రాలూ, చెట్లూ ఉండేవి. ఆ తరహా బొమ్మలకి దారి వేసినవాళ్లలో ముఖ్యుడు ఇవాన్ బిలీబిన్. ఆయన 1902 నుంచి 1904 దాకా ఉత్తర రష్యా పల్లెలు తిరిగి, ఆడవాళ్ల చొక్కాలు, తువ్వాళ్లు, చెక్క ఇళ్లు చూసి, ఫొటోలు తీసి, మ్యూజియం కోసం వస్తువులు సేకరించాడు. అంటే కథ చదువుతూ మనం చూసిన ఆ అంచుల వెనక, పేరు తెలియని ఎవరో ఒకావిడ సూది ఉందన్నమాట.

తువ్వాలు చేసే పనులు

స్లావ్ జాతులు ఒకటి కాదు. పోలండ్ నుంచి బల్గేరియా దాకా, చెక్ దేశం నుంచి రష్యా ఉత్తర తీరం దాకా విస్తరించిన ప్రజలు. కుట్టుపనీ అన్నిచోట్లా ఒకటి కాదు. బోస్నియాలో బాన్యా లూకా దగ్గరి జ్మియాన్యే పల్లెల ఆడవాళ్లు ముదురు నీలం దారంతోనే కుడతారు. 2014లో యునెస్కో దాన్ని తన జాబితాలో చేర్చింది. పశ్చిమ ఉక్రెయిన్‌లో బోర్ష్చివ్ చొక్కాల చేతులు నల్లటి ఉన్ని దారంతో ఎంత దట్టంగా నిండిపోతాయంటే, కింద బట్ట కనబడదు. పోల్తావా వైపు రెషెతిలివ్కాలో తెల్ల బట్ట మీద తెల్ల దారమే. వెలుతురు పక్కనుంచి పడితే తప్ప డిజైన్ కనబడదు. అన్నిటి గురించీ ఒక్క వ్యాసంలో రాయలేం. నేను ఎక్కువగా ఉక్రెయిన్, బెలారుస్, ఉత్తర రష్యా దగ్గరే ఉంటాను.

అక్కడ కుట్టుపనికి రెండు ముఖ్యమైన ఇళ్లు. ఒకటి చొక్కా. రెండోది పొడుగాటి నార తువ్వాలు. ఉక్రెయిన్‌లో దాన్ని రుష్నిక్ అంటారు, బెలారుస్‌లో రుచ్నిక్. రెండు మాటల్లోనూ 'చెయ్యి' అనే మాట ఉంది. పేరుకి చేతులు తుడుచుకునే గుడ్డే. మామూలు తువ్వాళ్లతో తుడుచుకునేవాళ్లు కూడా. కుట్టుపని ఉన్నది మాత్రం తుడుచుకోవడానికి కాదు.

బిడ్డ పుడితే రుష్నిక్‌లో అందుకుంటారు. ఇంటి మూల దేవుడి పటాల మీద దాన్నే వేలాడదీస్తారు. సంబంధం అడగడానికి వచ్చిన పెళ్లిపెద్దలకి పిల్ల ఒప్పుకుంటే భుజం మీంచి రుష్నిక్ కడుతుంది. ఒప్పుకోకపోతే గుమ్మడికాయ చేతిలో పెట్టి పంపిస్తారు. పెళ్లిలో వధూవరులు రుష్నిక్ మీద నిలబడతారు. వచ్చిన అతిథికి రొట్టె, ఉప్పు పెట్టి ఇచ్చేదీ దాని మీదే. చివరికి శవపేటికని గోతిలోకి దించేటప్పుడు తాళ్లకి బదులు రుష్నిక్‌లే పట్టుకుంటారు. పుట్టుక నుంచి చావు దాకా మనిషి ఒక గడప దాటే ప్రతిచోటా ఈ గుడ్డ ఉంటుంది.

అందుకే పిల్ల చిన్నప్పటి నుంచే సూది పట్టేది. పెళ్లినాటికి సారె పెట్టె నిండాలి. అవిసె నాటాలి, పీకాలి, నానబెట్టాలి, దంచి నార తియ్యాలి, వడకాలి, నెయ్యాలి, మంచులో, ఎండలో ఆరేసి తెల్లబరచాలి. ఇన్ని అయ్యాక కదా కుట్టడం. గుడ్డ మీద పువ్వు కుట్టడమన్నది నెలల పనిలో ఆఖరి అంకం. ఆ పిల్లని చూడటానికి వచ్చినవాళ్లు పెట్టె తెరిచి చూసేది పువ్వు అందం ఒక్కటే కాదు, ఆ అమ్మాయి ఓపికని.

చొక్కాకి ఎక్కడ కుడతారో కూడా చూడండి. మెడ చుట్టూ, చేతుల చివర, కింద అంచున. అంటే బట్టకీ ఒంటికీ మధ్య సందు ఉన్నచోట. కీడు ఆ సందుల్లోంచే లోపలికి వస్తుందని నమ్మకం. నమ్మకం సంగతి అటుంచినా, త్వరగా చిరిగిపోయేదీ అక్కడే కాబట్టి కుట్టు బట్టని గట్టిపరుస్తుంది కూడా. ఈ పనుల్లో మంత్రమెంత, మరమ్మతెంత అని విడదీయడం ఆ ఇళ్లలో ఎవరికీ అవసరం పడలేదు.

ఎరుపు ఎక్కడిది

మనం చూసే పాత రుష్నిక్‌లలో ఎక్కువభాగం ఎర్రటివి. ఎరుపు ప్రాణమనీ, రక్తమనీ, సూర్యుడనీ వ్యాఖ్యానాలు బోలెడు. అంతకంటే ముందు అది ఒక కష్టమైన రంగు. నారకి ఎరుపు పట్టడం తేలిక కాదు. మంజిష్ఠ జాతి మొక్కల వేళ్లు ఉడకబెట్టేవాళ్లు. ఇంకోటి, మొక్కల వేళ్లని అంటిపెట్టుకుని బతికే ఒక చిన్న పురుగు. వేసవి మొదట్లో దాన్ని ఏరి, ఎండబెట్టి, రంగు తీసేవాళ్లు. ఉక్రేనియన్‌లో ఎరుపుకి చెర్వోని అంటారు, జూన్ నెలకి చెర్వెన్. రెండిట్లోనూ ఉన్నది ఆ పురుగే. నెల పేరులోనే రంగు కూర్చుంది.

పందొమ్మిదో శతాబ్దంలో ఇదంతా మారిపోయింది. ఫ్యాక్టరీలో రంగేసిన ఎర్ర నూలు దారం సంతల్లోకి వచ్చింది. 1860ల చివర్లో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు గ్రేబె, లీబర్మన్ మంజిష్ఠ వేరులో ఉండే అలిజరిన్‌ని ప్రయోగశాలలో తయారు చేశారు. ఇక వేళ్లు తవ్వే పని లేదు. ఉతికినా పోని ఎరుపు, కొన్ని కోపెక్కులకి. దాని పక్కనే ఫ్యాక్టరీ నల్ల దారం. నేడు మనకి "అనాదిగా" అనిపించే ఎరుపు-నలుపు జంట అంత విరివిగా పాకడానికి ఈ రెండు రీళ్లు చాలావరకు కారణం.

ఇక్కడ మనకీ ఒక దారప్పోగు తగులుతుంది. మచిలీపట్నం అద్దకాలకి ఎరుపునిచ్చిన చిరివేరులో ఉన్నదీ అలిజరినే. జర్మనీ అలిజరిన్ వచ్చాక చిరివేరు సాగు క్షీణించింది. ఈరోజు పెడన కలంకారీలో కనబడే ఎరుపు కూడా ఎక్కువగా ఆ కొన్న అలిజరిన్‌దే. అంతమాత్రాన పెడన బట్ట కలంకారీ కాకుండా పోయిందని మనం అనం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందుముందు పనికొస్తుంది.

బ్రొకార్ గారి పువ్వులు

ఇప్పుడు సబ్బు సంగతి. హెన్రీ బ్రొకార్ పరిమళాల వ్యాపారం చేసే ఫ్రెంచి కుటుంబంవాడు. 1864లో మాస్కోలో చిన్న ఫ్యాక్టరీ పెట్టాడు. అప్పటికి రష్యా పల్లెల్లో సబ్బు వాడకం తక్కువ. అతను పల్లెనే తన బజారు చేసుకోవాలనుకున్నాడు. ఒక్క కోపెక్కుకి దొరికే సబ్బు తెచ్చాడు. పిల్లలకి అక్షరాలు అచ్చొత్తిన సబ్బు, దోసకాయ ఆకారంలో సబ్బు అమ్మాడు. భార్య షార్లొట్‌కి రష్యన్ల ఇష్టాయిష్టాలు బాగా తెలుసనీ, ఈ ఆలోచనల్లో ఆమెకి పెద్ద భాగం ఉందనీ అంటారు.

ఆ సబ్బులు చుట్టిన కాగితాల మీదా, వాటితో ఊరికే ఇచ్చే చిన్న పుస్తకాల్లోనూ క్రాస్ స్టిచ్ నమూనాలు అచ్చు వేశారు. గులాబీలు, ద్రాక్షగుత్తులు, తీగలు, ఎదురెదురుగా కూర్చున్న పక్షులు. గళ్ల కాగితం మీద ఎరుపు, నలుపు గళ్లు. ఈ పువ్వులు బ్రొకార్ సొంతం కూడా కాదు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో గళ్ల కాగితాల మీద రంగు నమూనాలు అచ్చువేసి అమ్మే వ్యాపారం మొదలైంది. యూరప్ మధ్యతరగతి ఇళ్లలో దిండ్ల మీద, చెప్పుల మీద అవే గులాబీలు. రష్యా పల్లెకి ఆ గులాబీ చేరేటప్పటికే అది మూడు నాలుగు దేశాలు తిరిగి వచ్చింది.

అది ఎందుకంత వేగంగా పాకిందో అర్థం కావాలంటే, అంతకు ముందు ఎలా కుట్టేవారో తెలియాలి. పాత పద్ధతుల్లో చాలావాటికి కాగితం అక్కర్లేదు. బట్టలోని పోగులు లెక్కపెడుతూ కుడతారు. ఇన్ని పోగులు వదిలి, ఇన్ని పోగుల కింద సూది పోనిచ్చి. ఉక్రెయిన్‌లో 'నిజ్' అనే కుట్టునైతే బట్ట వెనక వైపు నుంచి కుడతారు. ముందువైపు ఏం వస్తోందో లెక్కే చెప్పాలి. నమూనా అమ్మ గుడ్డ మీంచి కూతురి గుడ్డ మీదకి లెక్కగా ప్రయాణిస్తుంది. సూటి గీతలు, వజ్రాకారాలు, మెట్లు, కొక్కేల్లాంటి ఆకారాలు రావడానికి కారణం ఇదే. పడుగూ పేకా కలిసి ఒప్పుకున్న ఆకారాలు అవి.

క్రాస్ స్టిచ్ అలా కాదు. ఒక గడికి ఒక ఇంటూ గుర్తు. కాగితం మీది గడి ఎంతో, గుడ్డ మీది గడి అంతే. కాగితం చూసి ఎవరైనా కుట్టొచ్చు, ఎవరి అమ్మా నేర్పనక్కర్లేదు. వంకర తీగ, గుండ్రటి రేకు, నీడ కూడా వస్తాయి. 1861లో భూదాస్యం రద్దయి, రైళ్లు వచ్చి, సంతలు పెరిగి, పల్లె పిల్ల పట్నాన్ని మొదటిసారి చూస్తున్న కాలం అది. గులాబీ పట్నం నుంచి వచ్చిన కొత్త ఫ్యాషన్. ఆ పిల్ల దాన్ని కోరుకుంది. బలవంతంగా ఎవరూ రుద్దలేదు.

రుద్దలేదు కాబట్టే దాన్ని ఉన్నదున్నట్టు ఉంచలేదు కూడా. కాగితం మీది పక్షుల జంట పెళ్లి రుష్నిక్ మీదకి వచ్చి వధూవరులైంది. పక్కన వాళ్ల పేర్ల మొదటి అక్షరాలు చేరాయి. బ్రొకార్ గులాబీని పాత వజ్రాకారాల అంచు మధ్యలో కూర్చోబెట్టారు. అప్పుడప్పుడే చదువొచ్చిన చేతులు చివర్న ఒక ఆశీర్వాదమో, తేదీయో అక్షరాల్లో కుట్టాయి, కొన్నిసార్లు స్పెల్లింగ్ తప్పులతో సహా. సబ్బు అమ్ముకోవడానికి వేసిన బొమ్మ, రెండు తరాల్లో దేవుడి పటం మీదికి ఎక్కింది.

చదివినవాళ్లు

అదే రోజుల్లో పట్నంలోని పండితులు కూడా ఈ గుడ్డల్ని పట్టుకున్నారు. 1872లో వ్లదీమిర్ స్తాసొవ్ రష్యన్ జానపద అలంకారం మీద పెద్ద ఆల్బమ్ వేశాడు. సంగీత, చిత్రకళా విమర్శలో పెద్దమనిషి. ఈ ఆకారాల్లో ఊరికే గీసిన గీత ఉండదనీ, ప్రతిదానికీ అర్థముందనీ ఆయన వాదం. వాటి మూలాలు ఫిన్నిష్ జాతుల్లో, పర్షియాలో వెతికాడు.

నాలుగేళ్లకి, 1876లో, కీవ్‌లో ఇంకో ఆల్బమ్ వచ్చింది. చేసింది ఓల్హా కోసాచ్. కలంపేరు ఓలెనా ప్చిల్కా, అంటే తేనెటీగ. ఉక్రేనియన్ సాహిత్యంలో మహాకవయిత్రి లేస్యా ఉక్రాయింకాకి తల్లి ఆమె. వోలిన్ పల్లెల్లో తిరిగి ఆడవాళ్ల దగ్గర కుట్టుపనులు, నేతలు, ఈస్టర్ గుడ్ల మీది బొమ్మలు సేకరించింది. ఆ ఏడాదే జార్ రెండో అలెగ్జాండర్ ఎమ్స్ ఉత్తర్వు జారీ చేసి, ఉక్రేనియన్ భాషలో పుస్తకాలు అచ్చువెయ్యడాన్ని దాదాపు పూర్తిగా నిషేధించాడు. భాష అచ్చు కాకూడదన్న సంవత్సరంలో ఆ భాష మాట్లాడే ఆడవాళ్ల సూదిపని అచ్చయింది. ఇది ఆమె అనుకుని చేసినా, కాకతాళీయమైనా, అప్పటినుంచి ఉక్రెయిన్‌లో కుట్టుపనికి రాజకీయం అంటుకుంది. ఇవాన్ ఫ్రాంకో కోటు కింద కుట్టుపని చొక్కా తొడిగి తిరిగేవాడు. ఉక్రెయిన్ 20 హ్రివ్నియాల నోటు మీద ఆయన బొమ్మ అలాగే ఉంటుంది.

ఒక విచిత్రం చూడండి. ప్చిల్కా ఆల్బమ్, బ్రొకార్ సబ్బు కాగితం, రెండూ ఒకే తరానివి. రెండూ నమూనాని గుడ్డ మీంచి కాగితం మీదకి మార్చినవే. ఒకటి కాపాడటానికి, ఒకటి అమ్ముకోవడానికి. కాగితం ఎక్కాక రెండూ కుట్టేవాళ్ల చేతుల్లోకి తిరిగొచ్చాయి.

ఇరవయ్యో శతాబ్దంలో పండితులు ఇంకా లోతుకి తవ్వారు. ఉత్తర రష్యా తువ్వాళ్ల మీద తరచుగా కనబడే దృశ్యం ఒకటుంది. మధ్యలో చేతులెత్తిన స్త్రీ, రెండు పక్కలా గుర్రపురౌతులు, చుట్టూ పక్షులు. 1926లో పురావస్తు శాస్త్రవేత్త వసీలీ గొరొద్త్సోవ్ అది ప్రాచీన దాకియన్, సర్మాషియన్ మతాల నాటి మహామాత అన్నాడు. 1981లో బొరీస్ రిబకోవ్ తన ప్రసిద్ధ గ్రంథంలో ఆమె స్లావుల దేవత మొకోష్ అన్నాడు. సోవియట్ చరిత్రకారుల్లో తిరుగులేని పేరు ఆయనది. సోవియట్ కూలిపోయాక ఈ వ్యాఖ్యానాలు జనంలో విపరీతంగా పాకాయి. ఈ గుర్తుకి ఈ అర్థం, ఆ గుర్తుకి ఆ శక్తి అని నిఘంటువుల్లాంటి పుస్తకాలు వచ్చాయి. చుక్కలున్న వజ్రాకారం అంటే విత్తనం వేసిన పొలం. అలల గీత అంటే నీళ్లు. ఇప్పుడు టీ షర్టుల మీద అవే.

నాకు వీటిలో నచ్చనిది ఊహించడం కాదు, ఊహకి ఆధారం. నార ఎక్కువకాలం నిలవదు. మ్యూజియాల్లో ఉన్న పల్లె కుట్టుపనుల్లో అత్యధిక భాగం పద్దెనిమిది, పందొమ్మిది శతాబ్దాలవి. అక్కణ్ణించి మొకోష్ దాకా మధ్యలో ఎన్నో వందల ఏళ్ల ఖాళీ. ఆ ఖాళీలో కోటల్లోని సింహాలు, ఒంటికొమ్ము గుర్రాలు, రాజముద్రలోని రెండు తలల గద్ద, జమీందార్ల ఇళ్ల డిజైన్లు, పక్కింటి కరేలియన్ల పక్షులు అన్నీ వచ్చి చేరాయి. గలీనా మాస్లొవా 1978లో వచ్చిన పుస్తకంలో ఈ పొరల్ని ఓపిగ్గా విడదీసింది. ఏ కుట్టు, ఏ ప్రాంతం, ఏ కాలం అని. ఆ పుస్తకానికి రిబకోవ్ పుస్తకమంత జనాదరణ రాలేదు. దేవత ఉన్న పుస్తకానికీ, పట్టికలున్న పుస్తకానికీ పోటీ పెడితే ఏది గెలుస్తుందో చెప్పక్కర్లేదు కదా.

కుట్టిన ఆడవాళ్లు వాటికి ఏం పేర్లు పెట్టుకున్నారో తెలుసా? పొట్టేలు కొమ్ములు. బాతు పాదాలు. దోసకాయలు. సాలీళ్లు. ఓక్ ఆకులు. విరిగిన కొమ్మ. మొత్తం పెరడే. పొట్టేలు కొమ్ముల వెనక ఏ ప్రాచీన సూర్యుడైనా ఉండి ఉండొచ్చు, కాదనను. కానీ ఆమె కుట్టింది పొట్టేలు కొమ్ములని అనుకుంటూ. ఆమెకి తెలియని అర్థం మనకి తెలుసు అనడంలో ఒక దర్జా ఉంది. నాకు ఆ దర్జా ఇబ్బందిగా ఉంటుంది.

నల్ల చతురస్రం కంటే ముందు

పండితులు గుడ్డల్లో వెయ్యేళ్ల వెనక్కి చూస్తుంటే, చిత్రకారులు వాటిలో ముందుకి చూశారు. ఉక్రెయిన్‌లో వెర్బివ్కా అనే ఊరుంది. అక్కడ నతాలియా దవీదొవా అనే చిత్రకారిణి, భూస్వామి కుటుంబపు మనిషి, పల్లె ఆడవాళ్లతో ఒక కుట్టు వర్క్‌షాప్ నడిపింది. స్కోప్‌త్సీ అనే ఇంకో ఊళ్లో యెవ్‌హెనియా ప్రిబిల్స్కా అలాంటిదే నడిపింది. అలెగ్జాండ్రా ఎక్స్‌టర్ లాంటి ఆధునిక చిత్రకారులు వీళ్లకి డిజైన్లు ఇచ్చారు.

1915 నవంబర్‌లో మాస్కోలోని లెమెర్సియె గ్యాలరీలో వీళ్ల ప్రదర్శన జరిగింది. అందులో కజిమీర్ మలేవిచ్ ఇచ్చిన డిజైన్లు కూడా ఉన్నాయి. రెండు స్కార్ఫులు, ఒక దిండు. ఆయన 'నల్ల చతురస్రం' పెట్రొగ్రాద్‌లో '0.10' ప్రదర్శనలో జనం ముందుకొచ్చింది డిసెంబర్‌లో. అంటే సుప్రిమాటిజం అని కళాచరిత్ర గొప్పగా చెప్పుకునే విప్లవం, కాన్వాసు మీద కంటే ఒక నెల ముందు కుట్టుపనుల ప్రదర్శనలో కనబడిందన్నమాట.

దీన్ని సాధారణంగా "ఆధునిక కళ పల్లెకి వెళ్లింది" అని చెబుతారు. నాకు తిరగేసి కూడా చెప్పాలనిపిస్తుంది. తెల్లటి నేల మీద ఎరుపు, నలుపు చతురస్రాలు, వంపుల్లేని గీతలు, నీడలు లేని రంగులు. పోగులు లెక్కపెట్టి కుట్టే చేతులకి ఇది కొత్తగా అనిపించి ఉండదు. మలేవిచ్ ఉక్రెయిన్ పల్లెల్లో పెరిగినవాడు, అక్కడి రైతుల కళ నుంచి నేర్చుకున్నానని తనే రాసుకున్నాడు. సబ్బు గులాబీ పల్లెకి వెళ్లినట్టే, పల్లె లెక్కలు కూడా పట్నానికి వెళ్లాయి. విప్లవం తర్వాత పారిస్ చేరిన గ్రాండ్ డచెస్ మరీయా పావ్లొవ్నా 'కిత్మీర్' అనే కుట్టు సంస్థ పెట్టి, షానెల్ బట్టలకి రష్యన్ తరహా ఎంబ్రాయిడరీ చేయించింది. ఈ రాకపోకల్లో చిత్రకారుల పేర్లు, దొరసానుల పేర్లు మనకి మిగిలాయి. కుట్టినవాళ్లు ఎక్కువమంది "వెర్బివ్కా రైతు స్త్రీలు" అనే ఒక్క మాటలోకి సర్దుకుపోయారు.

చేప ముల్లు

సోవియట్ ప్రభుత్వం కుట్టుపనిని నిషేధించలేదు. సహకార సంఘాలు పెట్టింది, ప్రదర్శనలు జరిపింది. రుష్నిక్‌ల మీదకి గోధుమ కంకులు, సుత్తీ కొడవలి, లెనిన్ ముఖం వచ్చాయి. కృశ్చేవ్ కుట్టుపని చొక్కా వేసుకుని ఫొటోలు దిగాడు. 1950ల చివర్లో ఆంద్రీ మలిష్కో రాసిన రుష్నిక్ పాట, కొడుకు ప్రయాణానికి తల్లి ఇచ్చే గుడ్డ గురించిన పాట, సినిమాలోంచి ఇళ్లలోకి పాకింది. వేదిక మీద చొక్కా వేసుకుంటే జానపద కళ. అదే చొక్కా 1960ల్లో కీవ్‌లో ఒక యువకవి వీధిలో వేసుకుంటే మాత్రం జాతీయవాదమేమోనని అధికారుల కళ్లు పడేవి.

అదే దేశంలో, శిబిరాల్లో ఉన్న ఆడ ఖైదీలకి సూది ఉండకూడదు. వాళ్లు చేప ముల్లుని అరగదీసి సూది చేసుకున్నారు. తొడుక్కున్న బట్టల్లోంచి రంగు పోగులు లాగారు. చిన్న గుడ్డపీలిక మీద మేరీమాతని, ఇంటి పువ్వుల్ని కుట్టి, తనిఖీల్లో దొరక్కుండా దాచి, బయటికి పంపించారు. అలా కుట్టినవాళ్లలో కవయిత్రి ఇరీనా సేనిక్ ఒకరు. 1945లో మొదటిసారి, 1972లో రెండోసారి అరెస్టయింది. రెండోసారి మొర్దోవియాలోని మహిళా శిబిరంలో ఉంది. అక్కడ ఆమె కవిత్వమూ రాసింది, కుట్టుపనీ చేసింది.

ఇలాంటి గుడ్డపీలికల ముందు ఈ పువ్వు అసలైనదా, సబ్బు కంపెనీదా అని అడగడానికి మనకి నోరొస్తుందా? ఆ ఖైదీకి జ్ఞాపకం ఉన్నది వాళ్లమ్మ రుష్నిక్. అందులో బ్రొకార్ గులాబీ ఉంటే, ఆమెకి ఇల్లంటే ఆ గులాబీయే.

ఏది మనది

2006లో చెర్నివ్‌త్సీ యూనివర్సిటీ విద్యార్థులు ఒకరోజు అందరూ కుట్టుపని చొక్కాలు వేసుకుని రావాలనుకున్నారు. అది పెరిగి, మే నెల మూడో గురువారం 'విషివాంకా దినం' అయింది. 2014 తర్వాత, మరీ ముఖ్యంగా 2022 తర్వాత, ఆ చొక్కా వేసుకోవడం అంటే ఎటు నిలబడ్డారో చెప్పడం. ఇదే సమయంలో ఒక శోధన కూడా మొదలైంది. మ్యూజియాల్లోని పాత చొక్కాలు చూసి, మరచిపోయిన కుట్లు మళ్లీ నేర్చుకుంటున్నారు. నిజ్ కుట్టు, తెల్ల మీద తెల్ల కుట్టు మళ్లీ చేతుల్లోకి వస్తున్నాయి. ఇది గొప్ప పని.

దానితోపాటే ఒక మాట వినబడుతోంది. బ్రొకార్ గులాబీ మనది కాదు, మాస్కో సరుకు, చౌకబారుది, తీసి పక్కన పెట్టండి అని. ఈ కోపం ఎక్కణ్ణించి వస్తోందో అర్థం చేసుకోగలను. ఊళ్లమీద బాంబులు పడుతున్నప్పుడు ఎవరికైనా తమది తమకి స్వచ్ఛంగా కావాలనిపిస్తుంది. అయినా నేను ఈ మాటతో ఏకీభవించలేను. గులాబీని తీసేస్తే దానితోపాటు 1880 నుంచి 1960 దాకా కుట్టిన నాయనమ్మలు, అమ్మమ్మలు కూడా పోతారు. కరువు చూసినవాళ్లు, రెండు యుద్ధాలు చూసినవాళ్లు, ఆ గులాబీ రుష్నిక్ మీద పెళ్లాడి, ఆ గులాబీ రుష్నిక్‌లతోనే పిల్లల్ని పూడ్చుకున్నవాళ్లు. వెయ్యేళ్ల నాటి దేవత కోసం వందేళ్ల నాటి మనిషిని వదులుకోవడం నాకు న్యాయంగా తోచదు. చిరివేరు పోయి అలిజరిన్ వచ్చాక కూడా పెడనలో బట్ట మీద అచ్చు కొట్టిన చేతులు పెడన చేతులే.

మరి సంప్రదాయం దేనిలో ఉంది? బెలారుస్, రష్యా పల్లెల్లో ఒక పాత ఆచారం ఉండేది. అంటురోగం వచ్చినా, కరువొచ్చినా ఊళ్లో ఆడవాళ్లంతా ఒకచోట చేరేవారు. తలా కాస్త నార తెచ్చి, అక్కడే వడికి, అక్కడే నేసి, ఒక్క పగలులోనో ఒక్క రాత్రిలోనో ఒక పొడుగాటి గుడ్డ పూర్తి చెయ్యాలి. దాన్ని అబిద్యోన్నిక్ అంటారు, ఒక్క రోజులో చేసినది అని అర్థం. ఆ గుడ్డని ఊరి పొలిమేర చుట్టూ తిప్పేవారు, దాని కింద నుంచి మనుషులూ పశువులూ నడిచేవారు. లేదా శిలువకి కట్టేవారు. ద్మీత్రి జెలేనిన్ అనే పండితుడు 1911లోనే దీని గురించి వివరంగా రాశాడు. రెండో ప్రపంచయుద్ధంలో బెలారుస్ ఆడవాళ్లు, మగవాళ్లు తిరిగిరావాలని మళ్లీ ఆ గుడ్డలు నేశారు.

ఒక్క రోజులో తయారయ్యే గుడ్డ మీద కుట్టుపనికి టైమెక్కడిది? అబిద్యోన్నిక్ మీద మొకోష్ అక్కర్లేదు. వజ్రాకారం అక్కర్లేదు, గులాబీ అక్కర్లేదు. ఒట్టి తెల్ల గుడ్డ. ఊరిని కాపాడుతుందని వాళ్లు నమ్మింది ఏ గుర్తునీ కాదు, అందరూ కలిసి తెల్లారేలోపు చేసిన పనిని. గుర్తుల నిఘంటువులు రాసేవాళ్లు ఈ గుడ్డని చూస్తే వాళ్లకి చదవడానికి ఏమీ దొరకదు.

మ్యూజియాల్లో రుష్నిక్ పక్కన చిన్న చీటీ ఉంటుంది. ఊరు, జిల్లా, శతాబ్దం, కుట్టు రకం. కుట్టినవారు అన్నచోట ఎక్కువసార్లు "తెలియదు" అని. నమూనా ఎక్కడిదో వెతకడానికి ఇన్ని పుస్తకాలు రాశాం. ఆమె ఎవరో వెతకడానికి ఎవరైనా రాస్తే, అందులో పొట్టేలు కొమ్ముల పక్కన సబ్బు గులాబీకి కూడా చోటుంటుంది. ఎందుకంటే రెండూ కుట్టింది ఆమే.